పొద్దెక్కితే విచ్చే పూలు

సమ్మె మొదలైన నాటి నుంచి పోశాలు తెల్లవారినాక కూడా కొంతసేపు ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇంట్లో మగమనిషి ఉండడం మంచిదే కాని, పని లేకుండా ఉండడం మంచిది కాదని సత్తమ్మకు తొందరలోనే తెలిసొచ్చింది.

జనగామ డిపోలో హైదరాబాదు పోయే మొదటి బస్సుకు అతను కండక్టరు. ఇన్నేళ్లుగా కోడి కూయకముందే లేచి, ఖాకీ అంగీ తొడుక్కొని, తోలుసంచి భుజానికి తగిలించుకొని వెళ్లేవాడు. పొద్దు వాలినాక వచ్చేవాడు. సెలవు దొరికిన నాడు తరిగొప్పుల దగ్గరి పొలానికి పోయేవాడు. ఇప్పుడు తెలంగాణ ఇచ్చేదాకా బస్సులు కదలవని డిపో గేటుకు తాళం పడింది. గేటుకు తాళం పడ్డా అతని అలవాటుకు పడలేదు. కోడి కంటే ముందే మెలకువ వస్తుంది. లేచినవాడు ఊరుకోడు. ఒకనాడు వంటింట్లో డబ్బాలన్నీ దించి, పెద్దవి వెనక్కి, చిన్నవి ముందుకు, బస్సులో మనుషులను సర్దినట్టు సర్దాడు. ఆ రోజు సత్తమ్మ జీలకర్ర వెతికి వెతికి, చివరకు అది లేకుండానే చారు పెట్టింది. మర్నాడు వదులైన దండెం ఊడదీసి కొత్తగా కట్టాడు. ఎంత ఎత్తున కట్టాడంటే, చీర ఆరెయ్యడానికి ఆమె పీట వేసుకోవలసి వచ్చింది.

"నీ సమ్మె సర్కారు మీదనా, నా మీదనా?" అంది సత్తమ్మ పీట మీద నిలబడి.

"ఉత్తగ కూసుంటే కాళ్లు గుంజుతున్నయే. బస్సుల నిలవడి నిలవడి అలవాటైపాయె."

"అయితే నిలవడు. అంతేగని దేని మీదా చెయ్యి వెయ్యకు."

పోశాలు నవ్వి, డిపో ముందర వేసిన టెంటుకు బయలుదేరాడు. పొద్దున పోయి అక్కడ కూర్చుంటే, నినాదాలు, పాటలు, ముచ్చట్లు అయ్యి ఇల్లు చేరేసరికి సందె అవుతుంది. పోతూ పోతూ వాకిట్లో నీళ్ల గోలెం పక్కన ఆగి, మామూలుగా అనే మాటే అన్నాడు.

"నీ కూర మంచిగ పెరుగుతున్నదే."

"అది కూర కాదని ఎన్నిసార్లు చెప్పాలె?"

"నేను ఊళ్లె పుట్టినోన్ని. గంగవాయిలి కూరను గుర్తువట్టనా? మీ చెల్లె నీకు కూర ఇచ్చి పూలని చెప్పింది. నువ్వు తులసమ్మకు పోసినట్టు నీళ్లు పోస్తున్నవ్."

"పూస్తయి. నువ్వు ఉండవు."

"నేనుంటె సిగ్గువడ్తయా?"

సత్తమ్మ చీర అంచు లాగి సరిచేసి పీట దిగింది.

అవి గడ్డిగులాబీలు. నీళ్ల గోలెం నుంచి ప్రహరీ మూల దాకా చాప పరిచినట్టు నేలను పట్టుకొని పాకి ఉన్నాయి. అందరి ఇళ్లలో ఉండే సన్నాకు రకం కాదు. దీని ఆకు కొంచెం వెడల్పు, మందం. చిట్యాలలో చెల్లెలి ఇంటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన రెమ్మలతో మొదలుపెట్టింది. రెమ్మను గోటితో గిల్లి, తెగిన చోటు ఆరేదాకా ఒక పూట నీడన ఉంచి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో వేలితో గుంట చేసి నాటుతుంది. నాటినాక మట్టిని అదమదు. చెంబుతో నీళ్లు గుమ్మరిస్తే కాడలు మురిగిపోతాయి కనుక, గోలెంలో చెయ్యి ముంచి చిలకరిస్తుంది. పైకి లేచిన మొనలను తుంచేస్తే, తుంచిన చోట కొత్త చిగుళ్లు పుట్టి పక్కలకు పాకుతాయి. వారానికోసారి పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టి, మొదళ్ల మీద పలుచగా చల్లుతుంది. ఆ పని చేసేటప్పుడు ఆమె నోట్లో ఏదో ఒక దేవుని పాట మెదులుతూనే ఉంటుంది.

పొద్దు బాగా ఎక్కి, గోడ నీడ గోలెం దాటి వెనక్కి పోయేసరికి మొగ్గలు విచ్చుతాయి. ఎరుపు, పసుపు, నారింజ, ఒక మూల తెలుపు. కాసేపు వాకిలంతా పెండ్లి పందిరిలా ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు కడిగి, ఒక కునుకు తీసి లేచేలోపల మళ్లీ ముడుచుకుంటాయి.

ఆమెకు ఒకటే వెలితి. పొద్దున పూజ వేళకు అవి ఇంకా కండ్లు తెరవవు. సాయంత్రం దీపం పెట్టే వేళకు మూసుకుంటాయి. అందుకని దేవుని పటాలకు గన్నేరు పూలే పెడుతుంది. బతుకమ్మ ఆడేది సందెవేళ కాబట్టి బతుకమ్మకూ అవి పనికిరావు. 'నీ వేళకు అందని పువ్వును ఎందుకు పుట్టించినవు స్వామీ?' అని ఎన్నోసార్లు దీపం ముందు అడిగింది. నిష్ఠూరం కాదు, తెలుసుకుందామనే. దేవుడు చెప్పలేదు. ఆమె మళ్లీ మర్నాడు నీళ్లు చిలకరించింది.

*

బతుకమ్మ రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం పక్క గల్లీ రేణుక వచ్చింది. అంగన్‌వాడీ టీచరు, టెంటులో ఆడవాళ్లను కూడగట్టేది ఆమే. గేటు తెరిచి లోపలికి అడుగు పెట్టినది అక్కడే నిలబడిపోయింది. గోలెం పక్కన నేల కనబడకుండా పూసి ఉంది.

"సత్తమ్మక్కా, ఏందే గీ అందం! గిది పెట్టుకొని చెప్పవేమే?"

"చెప్తే ఏం జేస్తవ్? గింత సేపైతే మూసుకుంటయి."

రేణుక ఇంటి ముందరి గట్టు మీద కూర్చుని, చెంగుతో మెడ తుడుచుకుంది. "గందుకే వచ్చిన. ఎల్లుండి చౌరస్తాల వంటావార్పు. రోడ్డు మీదనే వండుడు, రోడ్డు మీదనే తినుడు. ఆ వెంటనే బతుకమ్మ. నడిపొద్దున."

"నడిపొద్దున బతుకమ్మనా? ఎవ్వలన్న ఆడ్తరా?"

"సందెకు ఆడితే ఆగేటందుకు బండ్లు ఏమున్నయక్కా? ఎండల ఆడితెనే రోడ్డు ఆగుతది. గని తంగేడు పొద్దుగాల తెంపితే ఆ యాళ్లకు తలకాయ వేలేస్తది. గునుగు ఒక్కటే నిలుస్తది. పైవరుసలకు ఏం పెట్టాల్నని పరేషాన్ అవుతున్నం. ఇగో, నీ పూలు సరిగ్గ గా యాళ్లకే కండ్లు తెరుస్తయి గద!"

సత్తమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. తర్వాత, ఎవరైనా వింటారేమో అన్నట్టు మెల్లగా అడిగింది. "గౌరమ్మ ఒప్పుకుంటదా, యాళ గాని యాళ?"

"గౌరమ్మ ఏమన్న పంచాంగం చూసుకొని వస్తదా అక్కా? మనం పిలిస్తే వస్తది."

ఆ మాట సరైనదో కాదో సత్తమ్మకు తెలియదు. కాని వినడానికి బాగుంది.

ఆ సాయంత్రం పోశాలు వచ్చాక చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చింది. 'కూరతోని బతుకమ్మ పేరుస్తవా' అని టెంటులో అందరికీ చెప్పి నవ్విస్తాడని తోచింది. చౌరస్తాలో కండ్లారా చూసినప్పుడే తెలుస్తుందిలే అనుకొని ఊరుకుంది. పోశాలు కూడా ఏదో చెప్పబోయి ఆగాడు. పెదవుల మీద నవ్వు దాచుకున్నట్టున్నాడు. ఆమె గమనించింది కాని, టెంటులో విన్న జోకేదో గుర్తొచ్చి ఉంటుందనుకుంది.

*

ఆ రోజు తెల్లవారుతుండగానే తలస్నానం చేసి సత్తమ్మ రేణుక ఇంటికి వెళ్లింది. వరండాలో గుమ్మడాకులు తుడిచి తాంబాళంలో పరిచారు. తంగేడు కింది వరుసల్లో పెట్టి, రంగులద్దిన గునుగు కట్టలను సమంగా కోసి, గుండ్రంగా పేర్చుకుంటూ పోయారు. నడుమ కూలకుండా ఆకుల ముక్కలు కుక్కారు. పైన సగం ఖాళీ ఉంచారు.

"ఇగ మీదిదంత నీదే అక్కా," అంది రేణుక. "కోసుకొని సీదా చౌరస్తాకు రా. నేను బతుకమ్మను ఎత్తుకొని వస్త."

సత్తమ్మ చిన్న కత్తెర, తడిగుడ్డ పట్టుకొని ఇంటికి వచ్చింది. మొగ్గలు విచ్చినాకనే కొయ్యాలి, వెంటనే తడిగుడ్డలో పెట్టాలి అని దారి పొడవునా అనుకుంటూనే వచ్చింది. గేటు తీసింది.

గోలెం నుంచి ప్రహరీ మూల దాకా ఎర్రమట్టి. ఒక్క కాడ లేదు. పైగా చీపురుతో శుభ్రంగా ఊడ్చి, పేడనీళ్ల సాన్పి కూడా చల్లి ఉంది.

ఎనుము వచ్చి మేసిందా అని గేటు వైపు చూసింది. తాను తీసేదాకా గేటు వేసే ఉంది. ఎనుము మేస్తే సాన్పి చల్లదు. గోడకు ఆనించిన పార, దాని పక్కన నీళ్లతో కడిగి ఆరబెట్టిన కొడవలి కనబడ్డాయి. కడిగి ఆరబెట్టే అలవాటు ఇంట్లో ఒక్కరికే ఉంది.

ఆమె గట్టు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. చేతిలోని తడిగుడ్డను అటూ ఇటూ మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. 'అడిగినందుకా స్వామీ?' అనుకుంది. ఇన్నేళ్లకు ఒక్కనాడు వేళ కుదిరింది. కుదిరిన నాడే నేల ఖాళీ. రేణుక అక్కడ సగం బతుకమ్మతో ఎదురు చూస్తూ ఉంటుంది. ఏమని చెప్పాలి? చెప్పక తప్పదు కదా. లేచి, కాళ్లు కడుక్కొని, చౌరస్తాకు నడిచింది.

*

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి పొయ్యిలు వేశారు. లారీలు దూరం దాకా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు దిగివచ్చి కట్టెలు చీల్చి పెడుతున్నారు. పెద్ద గుండిగలో కందిపప్పు ఉడుకుతోంది. దాని ముందు జగపతి గరిటె పట్టుకొని చెమటలు కక్కుతున్నాడు. పోశాలు బస్సుకు డ్రైవరు అతనే. బస్సులో ఎప్పుడూ పోశాలు విజిల్ వేస్తే కదిలేవాడు, ఇవాళ ఎవరు చెప్పినా కదలడం లేదు.

"ఓ జగపతన్నా, కూర వెయ్యవేంది? ఆకలైతున్నది!" అని ఎవరో అరిచారు.

"పప్పు మెదగనిదే కూర వెయ్య! గంగవాయిలి ముందుగల్ల వేస్తే జిగురు జిగురైతది. కట్టెలు పచ్చివి తెచ్చి నన్ను తొందరవెడితే ఎట్ల?"

సత్తమ్మ అక్కడికి చేరేసరికి మైకులో పోశాలు గొంతు వినిపించింది. టికెట్, టికెట్ అని అరిచిన గొంతు. మైకు అక్కర లేదు.

"అన్నలారా, అక్కలారా! ఇయ్యాల్టి పప్పుల కూర ఎవ్వలు ఇచ్చిన్రో తెలుసా? మా ఇంటిది, సత్తమ్మ! ఇన్నేండ్ల సంది కన్నబిడ్డ లెక్క పెంచిన కూర, ఉద్యమానికని మొత్తం ఇచ్చింది! సప్పట్లు కొట్టుండ్రి!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో సత్తమ్మను చూసి ముందుకు నెట్టారు. పోశాలు మైకు పక్కకు పెట్టి, పెండ్లినాటి నవ్వుతో ఆమె దగ్గరికి వచ్చాడు.

"చెప్తే నువ్వు ఇంత కొయ్యి, అంత కొయ్యకు అంటవని చెప్పలే. నీ పేరు మైకుల వస్తదని తెల్లారంగనే కోసిన. ఎట్లున్నది?"

ఆమె అతని ముఖం చూసింది. ఆ ముఖంలో ఉన్న సంతోషాన్ని ఏ మాటతో తీసెయ్యాలో ఆమెకు తెలియలేదు. పెదవి కొరుక్కొని, "ఏడ పెట్టినవ్?" అని మాత్రం అడిగింది.

టెంటు బయట, ఎండలో, తాటిపత్రి పట్టా మీద పచ్చగా కుప్ప ఉంది. నలుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చొని వేర్లు తుంచుతున్నారు. ఒకామె కత్తిపీట ముందుకు జరుపుకుంది. అప్పుడే బతుకమ్మను ఎత్తుకొని వచ్చిన రేణుక ఆ కుప్పను చూసి నిలబడిపోయింది.

"పోశాలన్నా! గివి ఏడివి?"

"మా ఇంట్లయి. గంగవాయిలి."

"గంగవాయిలా!" రేణుక సత్తమ్మ వైపు చూసింది. సత్తమ్మ తల వంచుకుంది. రేణుకకు అంతా తెలిసిపోయింది. నడుముకు చెయ్యి ఆనించి, పోశాలును కడిగెయ్యడానికి నోరు తెరిచింది.

"ఆగు," అంది సత్తమ్మ.

ఆమె కుప్ప దగ్గర చతికిలబడి ఉంది. కుప్ప పైన, వేర్లు ఆకాశానికి, తల కిందికి పడి ఉన్న ఒక కాడ చివర మొగ్గ వదులైంది. ఎర్రని అంచు బయటపడింది. సత్తమ్మ ఆ కాడను రెండు వేళ్లతో తీసి సరిగ్గా పెట్టింది. పక్కన ఇంకొకటి. దాని పక్కన పసుపు. కోసిన కాడ కూడా విచ్చుతుందని ఆమెకు తెలియదు. మొగ్గ మీద ఉన్న రెమ్మను ఆమె ఏనాడూ కొయ్యలేదు కదా.

కత్తిపీట ముందున్నామె చెయ్యి తీసేసింది. వేర్లు తుంచుతున్న వాళ్లు ఊరుకున్నారు. ఎండ ఇంకాస్త ఎక్కింది. కుప్ప మీద ఒక్కొక్కటే, తొందర లేకుండా, ఎప్పుడూ విచ్చినట్టే విచ్చుకున్నాయి. కట్టెల పొగ, మైకు గోల, ఆగిన లారీల హారన్లు వాటికి పట్టలేదు. కొంతసేపటికి తాటిపత్రి మీద కూర లేదు. అంతా పూలే.

పోశాలు వచ్చి ఆమె పక్కన గొంతు కూర్చున్నాడు. ఖాకీ అంగీ లేని భుజాలు చిన్నగా కనిపించాయి.

"సత్తమ్మా, గిది కూర కాదానే?"

"కాదు."

"గిట్ల పూస్తయా ఇయి?"

"పూస్తయి."

"ఎప్పటి సంది?"

"దినాం."

"దినామా?" అన్నాడు పోశాలు. ఒక పువ్వును ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మరి నాకు చూపియ్యకపోతివి."

"నువ్వు ఏ దినం ఉన్నవయ్యా ఇంట్ల, ఈ యాళ్లకు?"

పక్కనున్న ఆడవాళ్లలో ఎవరికో నవ్వు వచ్చింది. అది మెల్లగా అందరికీ అంటుకుంది. చివరకు సత్తమ్మకు కూడా. పొద్దుటి నుంచి రాని ఏడుపు ఆ నవ్వుతో పాటు బయటికి వచ్చి, కండ్లలో నీళ్లయింది. చెంగుతో తుడుచుకుంది.

"మరి నా పప్పుల ఏం వెయ్యాలె?" అని జగపతి గరిటె ఎత్తి అరిచాడు.

"నీ కండక్టర్ని వెయ్యి! జిగురైతే అయ్యింది!" అంది రేణుక.

*

ఆ మధ్యాహ్నం ఉత్త చింతపండు పప్పే అందరూ తిన్నారు. జగపతి ప్రతి విస్తరి దగ్గరా ఆగి, కూర లేనందుకు పోశాలుదే పూచీ అని చెప్పి మరీ వడ్డించాడు.

తర్వాత బతుకమ్మను రోడ్డు నడుమ పెట్టారు. కింద తంగేడు అప్పటికే వాడింది. పైన సత్తమ్మ గుచ్చిన గడ్డిగులాబీలు ఎండలో మెరుస్తున్నాయి. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు. తారు రోడ్డు కాలితే చెప్పులు వేసుకొని ఆడారు. బందోబస్తుకు వచ్చిన పోలీసాయన టెంటు నీడలో నిలబడి, "అమ్మా, ఇంకెంతసేపు?" అని అడిగితే, "ఆ పూలు మూసుకునేదాక!" అని జవాబు వచ్చింది. ఆయన పూల వైపు చూసి, లాఠీ చంకలో పెట్టుకొని, ఇంకో గ్లాసు మజ్జిగ తాగాడు.

గౌరమ్మకు ఇచ్చినవి గౌరమ్మతోనే వెళ్లాలి కనుక, సత్తమ్మ ఆ పూలను బతుకమ్మతో పాటే చెరువులోకి పంపింది. నీళ్లలోకి దిగుతున్నప్పుడు అవి మెల్లగా ముడుచుకుంటున్నాయి. ఇన్నేళ్లుగా అడిగిన ప్రశ్న ఆమెకు గుర్తొచ్చింది. దేవుడు ఇవాళ కూడా జవాబు చెప్పలేదు. కాని దేవుని వేళ పొద్దున, సందెవేళ మాత్రమే అని తనకు చెప్పినదెవరు? అది కూడా ఆయన చెప్పలేదు కదా అనిపించింది.

ఆమె తిరిగి చౌరస్తాకు వచ్చేసరికి తాటిపత్రి ముందు ఆడవాళ్లు వరుస కట్టి ఉన్నారు. మిగిలిన కాడలను పోశాలు పంచుతున్నాడు. ఒక్కో రెమ్మ తుంచి చేతిలో పెడుతున్నాడు, అచ్చం టికెట్ చింపినట్టు.

"ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి! ఒక్క మనిషికి ఒక్క రెమ్మనే! ఓ అవ్వా, నీకు ఇచ్చిన గద? మల్ల ఎక్కినవేంది?"

"మా కోడలికి కూడ ఇయ్యి నాయినా."

"కోడలు దిగి రావాలె!"

లారీ డ్రైవర్లు కూడా అడిగి తీసుకున్నారు. పోలీసాయన అటూ ఇటూ చూసి, ఒక రెమ్మను టోపీలో పెట్టుకున్నాడు. అంతా అయిపోయాక పోశాలు తాటిపత్రి దులిపి, మడిచి, గర్వంగా సత్తమ్మ వైపు చూశాడు.

"మనకు?" అంది సత్తమ్మ.

పోశాలు మడిచిన తాటిపత్రిని విప్పి చూశాడు. మళ్లీ దులిపాడు. దాంట్లోంచి ఒక్క ఆకు కూడా రాలలేదు.

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకొని, ఇంటిదాకా నవ్వుతూనే వచ్చింది.

*

మర్నాడు పొద్దెక్కినాక, పోశాలు టెంటుకు పోకుండా ప్రహరీ మూలన కూర్చొని ఉన్నాడు. నిన్న తాను ఊడ్చి పోసిన చెత్తకుప్పలో, మట్టి కింద, విరిగిన రెమ్మలు దొరికాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాటిని ఏరి అరచేతిలో పెట్టుకుంటున్నాడు. సత్తమ్మ ఇసుక కలిపిన మట్టి తెచ్చింది. అతను ఒక రెమ్మను నాటి, బొటనవేలితో గట్టిగా అదిమాడు.

"అదమకు. ఊపిరాడదు దానికి."

"పడిపోదా?"

"పడిపోతే అది ఇంకోదిక్కు వేరు పెడ్తది. ఊకె ఉండు."

ఊరకే ఉండడం అతనికి ఎన్నడూ చేతకాలేదు. అయినా ఆ రోజు గోలెం పక్కన పీట వేసుకొని, చేతులు ఒళ్లో పెట్టుకొని, నాటిన చోటును చూస్తూ ఉన్నాడు. రేణుక గల్లీలోంచి తొంగి చూసి, "అన్నా, గంగవాయిలి మొలిచిందా?" అని అడిగి పోయింది. ఆ పూటంతా వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ అదే అడిగారు.

సమ్మె ఆగిన నాడు తెలంగాణ ఇంకా రాలేదు. వస్తుందని కొందరు, రాదని కొందరు అన్నారు. డిపో గేటు తాళం తీశారు. పోశాలు కోడి కూయకముందే లేచి, ఖాకీ అంగీ తొడుక్కున్నాడు. తోలుసంచి భుజానికి వేసుకొని గోలెం దగ్గర ఆగాడు. కొత్త రెమ్మలు ఒకదాన్ని ఒకటి అందుకొని, జానెడు మేర నేలను పట్టుకున్నాయి. చీకట్లో మొగ్గలు సరిగా కనిపించలేదు. వంగి, వేలితో తడిమి చూశాడు.

"ఇయ్యాల పూస్తయా?"

"పూస్తయి పో. బస్సు పోతది."

ఆ పొద్దున ఆమె పూజ ముగించి, బియ్యం కడిగి, బట్టలు ఉతికి, ఆరెయ్యడానికి పీట ఎక్కింది. గోడ నీడ గోలెం దాటి వెనక్కి జరిగింది. అప్పుడే నడుముకు దోపుకున్న సెల్‌ఫోన్ మోగింది. డ్యూటీలో ఉండగా పోశాలు ఇంటికి ఏనాడూ ఫోన్ చెయ్యలేదు. ఏమైందోనని తడిచేతితోనే ఎత్తింది.

ఆ పక్కన బస్సు మోత, ఎవరో చిల్లర కోసం తగువు, జగపతి హారను. వాటన్నింటి మీదుగా అతని గొంతు.

"ఏమే, విచ్చినయా?"

సత్తమ్మ పీట మీది నుంచే మెడ తిప్పి చూసింది.

"విచ్చినయి," అంది. "ఒక ఎర్రది, రెండు పసుపుయి. ఇంకోటి ఇప్పుడిప్పుడే విచ్చుతున్నది."

"జర ఆగు, ఫోన్ పెట్టకు," అన్నాడు పోశాలు. "అది గూడ విచ్చనీ."